సీసం లేని బిళ్ల

మా అత్తమ్మ ఇంట్లో ఉన్న ప్రతి వస్తువునూ మరిగిస్తుంది. పెళ్లికి ముందు ఆమె ఒక చిన్న మిషన్ దవాఖానలో ఆయాగా పనిచేసింది. సూదులూ కత్తెరలూ గిన్నెలో వేసి మరిగించే రోజులవి. ఆ కొలువు మానేసి ముప్పై ఏళ్లు దాటినా అలవాటు మాత్రం మానలేదు. ఆదివారం చర్చికి పోయేలోగా ఇల్లంతా శుభ్రంగా ఉండాలని, ప్రతి శనివారం పొద్దున పెద్ద సత్తు గిన్నె పొయ్యి మీద పెట్టి చెంచాలూ గ్లాసులూ దువ్వెనలూ అన్నీ అందులో వేసేది. చిన్నప్పుడు నా ప్లాస్టిక్ దువ్వెన ఒకటి అందులో పడి మెలికలు తిరిగి బయటికొచ్చింది. నేను ఏడుస్తుంటే, "మంచిగైంది, దాంట్ల పేలుంటే సచ్చినయ్ గద," అన్నది. మామ పడీపడీ నవ్వాడు. ఆ దువ్వెన చాలాకాలం మా కిటికీ ఊచకు వేలాడింది.

ఇది మొదటే ఎందుకు చెబుతున్నానంటే, ఆమె అలవాటు నాకు తెలియదని తర్వాత నేను తప్పించుకోవడానికి వీల్లేదు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. నా నాలుగో ఏట అమ్మ పోతే, పిల్లల్లేని మామా అత్తమ్మా నన్ను ఇల్లందుకు తెచ్చుకుని పెంచారు. మామ బొగ్గుబావిలో పనిచేసేవాడు. లోపల బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో లాగే చోట, పైనున్న ఇంజన్ మనిషికి గంట కొట్టి సైగ చేసే పని. ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ నాకు ఆ లెక్క నేర్పేవాడు. "ఒకటంటే ఆపు. రెండంటే దించు. మూడంటే మనుషులున్నరు, పైలం." నేను అన్నం కంచం మీద చెంచాతో మూడు కొట్టి, "మామా, మనుషులున్నరు" అనేదాన్ని. అత్తమ్మ కసిరేది.

పదవీ విరమణ అయిన రెండో ఏడు మామకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పూర్తిగా పడిపోయింది, ఎడమపక్క కూడా చాలావరకు చచ్చుబడింది, మాట పోయింది. ఎడమ చేతిలో బొటనవేలు, పక్క రెండు వేళ్లు మాత్రం కొంచెం కదిలేవి. మనుషులను గుర్తుపట్టేవాడు, అన్నీ తెలిసేవి. తెలిసి, చెప్పలేక కళ్లలో నీళ్లు పెట్టుకునేవాడు. అడవి పల్లె నుంచి మా వీధికి ఆకుకూరలు తెచ్చే ఆమె ఒకతె, నాలుక కింద రాయమని సీసాలో తేనె పోసి ఇచ్చి పోయేది. అత్తమ్మ రోజూ రాసేది. మాట మాత్రం రాలేదు.

నేనప్పుడు యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాను. సోమవారం తొలి బస్సుకు పోయి శుక్రవారం సాయంత్రం తిరిగొచ్చేదాన్ని. మా ల్యాబ్‌లో చేసేది పింగాణీ బిళ్లలు. కొన్ని రకాల పింగాణీని నొక్కితే కరెంటు పుడుతుంది. గ్యాస్ లైటర్ నొక్కితే టక్కుమని నిప్పురవ్వ వచ్చేది దానివల్లే. కడుపులో బిడ్డను చూసే స్కానింగ్ యంత్రంలో పొట్టకు ఆనించే ముక్కలో ఉండేదీ అదే. అయితే బజారులో దొరికే ఇలాంటి బిళ్లలు చాలావరకు సీసంతో చేసినవి. సీసం విషం. తయారుచేసే చోటా పారేసే చోటా మనుషుల ఒంట్లోకి చేరుతుంది. అందుకని సీసం లేకుండా అంత పనీ చేసే బిళ్ల కోసం లోకంలో చాలామంది తంటాలు పడుతున్నారు. వాళ్లలో నేనొకదాన్ని. పొడులు తూచి, గంటల తరబడి నూరి, అచ్చులో వేసి నొక్కి, కొలిమిలో కాల్చాలి. సంగతంతా విని అత్తమ్మ, "గిన్నేండ్లు సదివి ఆఖరికి నూరుడు పనేనా బిడ్డా!" అన్నది. మామకు అప్పటికింకా మాట ఉంది. "నువ్వూకోయే. రేపు మన గ్యాసుపొయ్యిని అదే అంటిస్తది," అన్నాడు.

కొలిమిలోంచి తీసిన బిళ్ల వెంటనే పనిచేయదు. దాని లోపల కంటికి కనబడని చిన్న చిన్న గూళ్లుంటాయి. ఒక్కో గూటిలో నడుమ ఉండాల్సిన అణువు కాస్త పక్కకు జరిగి ఉంటుంది. కరెంటు పుట్టించే గుణం ఆ జరగడంలోనే ఉంది. కానీ ఒక్కో చోట ఒక్కో దిక్కుకు జరిగి ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బిళ్లను గోరువెచ్చని సిలికాన్ నూనెలో ముంచి, రెండు ముఖాల మధ్య వేల వోల్టులు పెట్టి అరగంట ఉంచితే, అన్నీ దాదాపు ఒకే దిక్కుకు మళ్లుతాయి. వోల్టులు తీసేసినా అలాగే ఉండిపోతాయి. ఇక అప్పటినుంచి తడితే పలుకుతుంది. కానీ ప్రతి మిశ్రమానికీ ఒక వేడి హద్దు ఉంది. అది దాటితే గూడు రూపమే మారిపోయి, ప్రతి అణువూ సరిగ్గా నడిమికి వచ్చేస్తుంది. చల్లారాక మళ్లీ పక్కకు జరుగుతాయి గానీ, దేని దిక్కు దానిదే. పైకి పగులుండదు, రంగు మారదు. చూడ్డానికి అదే బిళ్ల. తడితే ఏమీ రాదు.

మామ మంచాన పడ్డాక అత్తమ్మ పక్కగదిలో ఉన్నా, వెనక పెరట్లో ఉన్నా ఆయన పిలవలేకపోయేవాడు. ఒకసారి నీళ్ల కోసం చూసి చూసి, నోరెండిపోయి, ఆమె వచ్చేసరికి ఏడుస్తున్నాడట. అత్తమ్మ ఆ మాట ఫోనులో చెప్పి తనూ ఏడ్చింది. బజారులో దొరికే కాలింగ్ బెల్ తెచ్చి పెట్టాను. దాని మీట నొక్కే బలం ఆయన వేలికి లేదు. వేలు ఊరికే ఆనిస్తే చాలు మోగే గంట కావాలి. అది చేయడం నాకు చేతనవును.

ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో పది రూపాయలకు దొరికే బజర్ బిళ్ల దానికి చక్కగా సరిపోయేది. తోటివాళ్లు అదే పెట్టమన్నా నేను వినలేదు. "సీసం బిళ్ల మా మామ చేతికి ఇస్తనా?" అని ల్యాబ్‌లో గొప్పగా అన్నాను. పైన పూత వేసి అతికించాక ఆ సీసం ఎవరినీ ఏమీ చేయదని నాకు తెలుసు. తెలిసే అన్నాను. అసలు సంగతి వేరే. నేను పరిశోధన పేపర్లో రాసుకున్న బిళ్ల మా ఇంట్లో మోగాలి, అంతే. నా తలపొగరు, ఇంకేం లేదు.

నా సొరుగులో రెండు రకాలుండేవి. ఒకటి బాగా వేడికి ఆగుతుంది గానీ గట్టిగా నొక్కితే తప్ప పలకదు. రెండోది బేరియంతో చేసింది. మామూలు గది వేడిలోనే అది రెండు రూపాల సరిహద్దు మీద ఉంటుంది, అటో ఇటో ఒరగడానికి సిద్ధంగా. అందుకే చిన్న తాకిడికే పలుకుతుంది. ఎంత పలుకుతుందో కొలిచే మీటరు మీద దాని అంకె చూసినప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది. దాని వేడి హద్దు మాత్రం మరిగే నీళ్ల కంటే కొంచెం కింద. మామ వేలు బలహీనం కదా అని ఆ రెండోదాన్నే తీసుకున్నాను. గదిలో పెట్టే బిళ్లకు అంత వేడి ఎక్కణ్నుంచి వస్తుందిలే అనుకున్నాను.

చిన్న చెక్కముక్క మీద బిళ్లను అతికించి, మామ ఎడమచేతి బొటనవేలి కింద మంచానికి కట్టాను. తీగ లాగి వంటింట్లో గంట పెట్టాను, పెరట్లోకి కూడా వినబడేలా. ఒకటి కొడితే నీళ్లు, రెండు కొడితే బెడ్‌పాన్ అని ఆయనకు చెప్పాను. కళ్లు ఆర్పాడు. కాసేపటికి వంటింట్లో గంట మూడుసార్లు మోగింది. అత్తమ్మ చేతిలో గరిటెతోనే ఉరికింది. "ఏంది? ఏం గావాలె? నొస్తున్నదా?" ఆయనకేమీ అక్కర్లేదు. ఆమెను చూసి, రెండు వేళ్లతో పరుపు మీద తట్టాడు, కూర్చోమని. "అమ్మో, ఈ ముసలాయన సరసం సూడు," అని అత్తమ్మ కూర్చుంది. "మూడంటే మనుషులున్నరు అత్తమ్మా," అన్నాను నేను. మామ మొహంలో ఒక పక్క నవ్వింది.

తర్వాత ఐదారు వారాలు ఆ గంట బాగా మోగింది. ఎక్కువసార్లు మూడే. అత్తమ్మ విసుక్కునేది, పోయి కూర్చునేది. అప్పట్లో నేను బస్సులో అడవి దాటి వస్తున్నంతసేపూ పాటలు పాడుకుంటూ వచ్చేదాన్నంటే నమ్మండి.

అత్తమ్మకు ఆ తీగలంటే భయం. బిళ్లను ముట్టుకునేది కాదు, పొడిబట్టతో పైపైన దులిపేది. ఒక శుక్రవారం నేను వచ్చేసరికి దాని మీద జావ ఒలికి, చెక్క సందుల్లో ఎండిపోయి వాసన వస్తోంది. చెక్క తీసేసి, బిళ్ల చుట్టూ సిలికాన్ రబ్బరు పూసి, తీగకు పిన్ను పెట్టి ఊడదీసేలా చేశాను. చేసి ఊరుకున్నానా? "ఇగ భయం లేదత్తమ్మా, నీళ్లల్ల ముంచినా దీనికేం కాదు," అని గ్లాసు నీళ్లలో ముంచి మరీ చూపించాను. ఆమె సంబరపడింది.

మర్నాడు శనివారం. మామ మందుల కోసం నేను పొద్దున్నే ఖమ్మం పోయాను. తిరిగొచ్చేసరికి రాత్రయింది.

ఆదివారం చర్చి అయ్యాక ప్రార్థన చేయడానికి చాలామంది ఇంటికొచ్చారు. రోజంతా మామ పక్కన ఎవరో ఒకరు ఉన్నారు. గంటతో పని పడలేదు. బిళ్ల ఆయన వేలి కింద శుభ్రంగా తెల్లగా ఉంది. నేను చూశాను. చూసి, చేయి చాచి ఒక్కసారి తట్టి చూడలేదు. ఒక్క క్షణం పని. ఇప్పటికీ కూరగాయలు కోస్తున్నప్పుడో, బస్సు కోసం నిలబడ్డప్పుడో అది గుర్తొచ్చి నా వేలు దానంతటదే కదులుతుంది.

సోమవారం తొలి బస్సుకు పోయాను. పదకొండు దాటాక పక్కింటామె ఫోను చేసింది. మామ పోయాడు.

జరిగింది అత్తమ్మ చెప్పగా విన్నాను. ఆ పొద్దున మామ జావ తాగలేదు. గిన్నె నోటి దగ్గర పెడితే తల పక్కకు తిప్పేశాడు. ఉతికి పరిచిన దుప్పటి మీద అంతా ఒలికింది. అప్పటికే ఆమె నడుము నొప్పితో ఉంది. "నేనేమన్న ఇనుపదాన్ననుకున్నవా? ఎన్నిసార్లు పిండాలె నీ దుప్పట్లు? నాకు సావన్న రాదు," అని నోటికొచ్చినట్టు అని, దుప్పటి లాక్కుని పెరట్లోకి పోయింది. ఉతికి ఆరేసి వచ్చేసరికి ఆయన లేడు. కళ్లు తలుపు వైపు ఉన్నాయి. బొటనవేలు బిళ్ల మీద ఉంది.

సమాధి కార్యక్రమం అయి అందరూ వెళ్లాక, నా ఒళ్లో తల పెట్టుకుని ఆమె ఒకటే మాట. "చెయ్యి గంట మీదనే ఉన్నది బిడ్డా. కొట్టలే. నా మీద కోపంతోని కొట్టలే. పిలిస్తే రానా నేను?"

నాకు అప్పుడే అనుమానం వచ్చింది. బిళ్లను ఊడదీసి సంచిలో వేసుకుని ల్యాబ్‌కు పోయాను. తీగ బాగుంది, అతుకు బాగుంది, వంటింటి గంట బాగుంది. బిళ్లను మీటరు దవడల మధ్య పెట్టాను. నేను గర్వపడే అంకె ఉండాల్సిన చోట సున్నా. తిప్పి పెట్టాను. సున్నా. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. పక్కబల్ల అమ్మాయి నా శాంపిల్ పగిలిందేమో అనుకుని ఓదార్చింది.

ఇంటికొచ్చి, మామూలుగా అడుగుతున్నట్టే అడిగాను. "అత్తమ్మా, ఆ బిళ్లను పొయ్యి దగ్గర ఎప్పుడన్న పెట్టినవా?"

"పొయ్యి దగ్గరెందుకు పెడ్తా? శనివారం చెంచలతోని మరగబెట్టి సాయంత్రందాంక ఆరబెట్టిన, గంతే. జావ కంపు పోయి ఎంత తెల్లగైందనుకున్నవ్! నీళ్లల్ల ముంచినా ఏం కాదని నువ్వే అంటివి గద." నా మొహం చూసింది. "ఎందుకే, ఏమైంది?"

"ఏం లేదు," అన్నాను. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. నేను మొహం కడుక్కునే నెపంతో పెరట్లోకి పోయాను.

ఆ పది రూపాయల సీసం బిళ్ల అయితే మరిగే నీళ్లకు ఏమీ అయ్యేది కాదు. దాని హద్దు చాలా పైన. ఎవరికో విషం కాకూడదని చేసిన నా బిళ్ల, మా ఇంట్లో ఇంత పని చేసింది. బిళ్లననుకుని ఏం లాభం. పెట్టిందాన్ని నేను, నీళ్లలో ముంచి చూపించిందాన్ని నేను, దువ్వెన మెలికలు తిరగడం కళ్లారా చూసిందాన్ని నేను.

ఇక నేనేం చెప్పాలి? ఊరుకుంటే, భర్త తన మీద అలిగి పిలవకుండా పోయాడని ఆమె బతికినంతకాలం అనుకుంటుంది. గంట చచ్చిపోయిందని చెబితే, ఎందుకని అడుగుతుంది. తన చేత్తోనే దాన్ని మరిగించానని తెలుస్తుంది. రెండు వారాలు ఈ రెండింటి మధ్యా నలిగాను.

జ్ఞాపకార్థ కూడిక మా ఇంటి ముందు షామియానా కింద పెట్టుకున్నాం. మా దగ్గర పోయినవాళ్ల గురించి ఇంటివాళ్లు లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. మామతో బావిలో పనిచేసినవాళ్లు చెప్పారు. తర్వాత అత్తమ్మ లేచింది. బైబిలు గుండెకు ఆనించుకుంది.

"అందరు ఆయన మంచోడన్నరు. అవ్, మంచోడే. నేనే మంచిగ లేను. ఆ పొద్దు జావ ఒలికిచ్చిండని మంచాన ఉన్న మనిషిని తిట్టిన. ఆయన చెయ్యి గంట మీదనే ఉండె. కొట్టలే. ఆఖరికి నన్ను పిలవబుద్ధి కాలే ఆయనకు. గందుకు దేవుడు నన్ను క్షమించాలె, మీరందరు నా కోసం ప్రార్థన చెయ్యుర్రి."

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియదు, నా మీదే కావచ్చు. లేచి నిలబడ్డాను. గొంతు పెద్దగానే వచ్చింది.

"అత్తమ్మా, మామ కొట్టిండు. గంటనే మోగలే. బిళ్ల ఖరాబైంది, నేను ల్యాబ్‌ల పెట్టి చూసిన. అది నేను చేసిన బిళ్ల. తప్పు నాది, నీది గాదు."

ఆయన కొట్టాడో లేదో నాకు మాత్రం ఏం తెలుసు? ఒకటి కొట్టాడా, మూడు కొట్టాడా, ఆ సంగతి ఇక ఎవరికీ తెలియదు. బిళ్ల చచ్చిందని మాత్రమే నాకు తెలుసు. కానీ ఆ వేలు దాని మీద ఊరికే ఉందని నేను నమ్మను.

అత్తమ్మ నా దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "ప్రభువు సాక్షిగా చెప్పు. నిజంగనే ఖరాబుండెనా?"

"నిజంగనే."

"ఎట్ల ఖరాబైంది?"

"నేను సరిగ్గ చెయ్యలే."

"గంతేనా?"

"గంతే అత్తమ్మా."

ఆమె తల ఊపి కూర్చుంది. కొంగుతో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి పక్కనున్న ఆమెతో, "పిలిచిండట," అంటుంటే విన్నాను.

బిళ్ల తిరిగి ఇవ్వమని ఆమె అడిగింది. మామ చెయ్యి పెట్టింది కదా, ఇంట్లో ఉండాలట. చచ్చినదాన్ని ఇవ్వబుద్ధి కాలేదు. ల్యాబ్‌లో నూనెలో ముంచి, వోల్టులు పెట్టి అరగంట ఉంచాను. మీటరు మీద పాత అంకె దాదాపు అంతా వచ్చేసింది. దానికి పట్టింది అరగంటే. అంత తేలిగ్గా బతికినందుకు దాన్ని కిటికీలోంచి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది.

ఇంటికి తెచ్చి మంచం దగ్గర తీగకు తగిలించాను. ఆ సాయంత్రం నేను వంటింట్లో టీ పెడుతుంటే గంట మోగింది. ఒకటి, రెండు, మూడు. టీ గిన్నె దించేశాను. పోయి చూస్తే అత్తమ్మ మామ మంచం మీద కూర్చుని ఉంది, వేలు బిళ్ల మీద. పక్కన చేత్తో తట్టింది. పోయి కూర్చున్నాను.

"గిట్లనే కొట్టి ఉంటడు," అన్నది.

"అవ్," అన్నాను.

ఆ వచ్చే శనివారం నేను ఇంట్లోనే ఉన్నాను. పొయ్యి మీద సత్తు గిన్నెలో నీళ్లు తెర్లుతున్నాయి. అత్తమ్మ చెంచాలు వేసింది, గ్లాసులు వేసింది, మామ జావ తాగిన గిన్నె వేసింది. తర్వాత లోపలికి పోయి బిళ్లను తీగ నుంచి ఊడదీసి తెచ్చింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆమె పొయ్యి దగ్గరికి పోలేదు. కుండలోంచి చల్లటి నీళ్లు తీసి, బట్ట తడిపి, గట్టిగా పిండి, బిళ్లను నెమ్మదిగా తుడిచింది. ఒకవైపు, మళ్లీ రెండోవైపు. కొంగుతో తడి అద్ది, పొయ్యికి దూరంగా కిటికీలో పెట్టింది.

వేడి సంగతి నేను ఆమెకు ఏనాడూ చెప్పలేదు.

ఆమె తల ఎత్తకుండానే పొయ్యి ఆపేసి, "జర పట్టకారు అందియ్యి బిడ్డా, చెంచలు తీద్దాం," అన్నది. అందించాను.